ఫిజిక్స్‌ను ప్రయోగాల దారిలో నేర్చుకోవడం ఎలా: డెల్టాలో దొరికే సామాన్లతో

సూత్రం ముందే బట్టీపట్టి, దాన్ని రుజువు చేయడానికి ప్రయోగం మొదలుపెడితే ఫిజిక్స్ తలకెక్కదు. రికార్డు బుక్కులో రీడింగులు సర్దే అలవాటు పుట్టేదీ అక్కడే. జవాబు ముందే తెలుసు కాబట్టి, కొలత దానికి తగ్గట్టు వంగిపోతుంది. ఈ వరస తిరగేయండి. ముందు ప్రశ్న, తర్వాత మీ అంచనా, ఆ తర్వాత కొలత, చివర్లో పుస్తకం.

పదో తరగతి దాటినవాళ్లెవరైనా కింది ఎనిమిది ప్రయోగాలు చేయగలరు. గోదావరి డెల్టాలో, ధవళేశ్వరం దిగువన కాస్త పెద్ద ఊరేదైనా సరే, ఓ హార్డ్‌వేర్ కొట్టు, ఓ మోటారు వైండింగ్ షాపు, వలల సామాన్లు అమ్మే కొట్టు ఉంటే సరుకంతా దొరికినట్టే. ఒక్కోదానికి రెండు ఆదివారాలు కేటాయించండి. మొదటి ఆదివారం సామాను కుదరదు, కొలత కుదరదు. అది మామూలే.

ముందుగా ఒక నోటుబుక్కు. ఎడమ పేజీలో అంచనా, కుడి పేజీలో కొలత. అంచనా పెన్నుతోనే రాయాలి, అంకెతోనే రాయాలి. "పొడవు పెరిగితే టైం పెరుగుతుంది" అంటే చాలదు. ఎంత పెరుగుతుంది? రెట్టింపా, ఒకటిన్నర రెట్లా? తప్పు రాసినా కొట్టేయొద్దు. మీకు పాఠం చెప్పేది ఆ తప్పు అంకే.

1. వాలు మీద గోళీ

పడే వస్తువు వేగం ఎలా పెరుగుతుందో గెలీలియో కాలంలో కొలవడానికి వీల్లేదు. పడటం క్షణంలో అయిపోతుంది, స్టాప్‌వాచ్ లేదు. అందుకని ఆయన పడటాన్నే నెమ్మది చేశాడు. చెక్కలో గాడి తవ్వి, కాస్త వాలుగా పెట్టి, కంచు గుండును దొర్లించాడు. ఆ వివరాలు 1638లో అచ్చయ్యాయి.

మీకు కావలసినవి: రెండు మీటర్ల పొడవున్న రెండంగుళాల పీవీసీ పైపు (నిలువునా సగానికి కోయించాలి), పాత బేరింగులోంచి తీసిన స్టీలు గుండు లేదా పెద్ద గాజు గోళీ, టేపు, ఫోనులో స్టాప్‌వాచ్. ఒక చివర కింద సరిగ్గా 6 సెం.మీ. ఎత్తు పెట్టండి. రెండు చివర్ల మధ్య దారం లాగి కట్టి, అర పైపు మధ్యలో ఎక్కడా కిందికి జారలేదని చూసుకోండి. జారితే అక్కడ చెక్క ముక్క దోపండి. ఎక్కువగా చెడేది ఇక్కడే: మధ్యలో లోతు పడిన పైపులో గోళీ మొదట తొందరగా, తర్వాత నీరసంగా పోతుంది, ఏ లెక్కకూ లొంగదు. ఎండలో పడేసిన పైపైతే అసలు వద్దు.

పైనుంచి 50, 100, 150, 200 సెం.మీ. దగ్గర గుర్తులు పెట్టండి. గోళీని వేలితో వదలొద్దు, తెలియకుండానే తోస్తారు. ముందు ఒక స్కేలు అడ్డం పెట్టి, దాన్ని పైకి లేపండి. చేరే చోట చెక్క దిమ్మ ఉంచితే "టక్" మన్న చప్పుడుకి వాచ్ ఆపొచ్చు. కంటికన్నా చెవి నయం. ఒక్కో దూరానికి అయిదుసార్లు కొలవండి, నచ్చలేదని ఏ రీడింగునూ పారేయొద్దు.

50 సెం.మీ.కి సుమారు 2.2 సెకన్లు, 200 సెం.మీ.కి సుమారు 4.4 సెకన్లు రావాలి. దూరం నాలుగింతలైతే కాలం రెండింతలే. దూరాన్ని కాలం వర్గంతో భాగించి చూడండి, నాలుగు గుర్తుల దగ్గరా దాదాపు ఒకటే అంకె వస్తుంది. త్వరణం అనే మాటకు అర్థం ఆ అంకెలో ఉంది. ఇప్పుడు పుస్తకం తెరవండి.

ఇంకొక్క మెట్టు. దూరాన్ని (మీటర్లలో) రెట్టింపు చేసి కాలం వర్గంతో భాగిస్తే త్వరణం. దాన్ని వాలుతో, అంటే 6ను 200తో భాగించగా వచ్చిన 0.03తో, భాగించండి. నేరుగా కిందికి పడే వస్తువు త్వరణం, అంటే జీ విలువ 9.8 వస్తుందనుకుంటారు. రాదు, 7 దగ్గర ఆగిపోతుంది. కొలత తప్పేమో అని మళ్లీ మొదలెట్టకండి. గోళీ జారడం లేదు, దొర్లుతోంది. కిందికి దిగిన శక్తిలో ఏడింట రెండు వంతులు తిరగడానికే పోతాయి కాబట్టి 9.8లో 5/7 వంతే కనిపిస్తుంది. అర పైపు బదులు అల్యూమినియం ఎల్ యాంగిల్‌ను గాడిలా నిలబెడితే గోళీ రెండు అంచుల మీద దొర్లుతుంది. అప్పుడు భాగం 5/9 అవుతుంది, మీకు 5.4 దగ్గర వస్తుంది. రెండూ చేసి చూస్తే భ్రమణం పాఠం సగం అయిపోయినట్టే.

ఫోను పక్కన పెట్టి గెలీలియో గడియారంతోనూ ఒకసారి చేయండి. వెడల్పాటి బకెట్ అడుగున సన్న గొట్టం అమర్చి, గోళీ కదిలినప్పుడు వేలు తీసి, చేరగానే మూసేయాలి. గ్లాసులో పడిన నీటిని వంటింటి డిజిటల్ త్రాసు మీద తూయండి. ఆ గ్రాములే కాలం. బకెట్ ఇరుకుగా ఉంటే నీటి మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడి గడియారం నెమ్మదిస్తుంది. అందుకే వెడల్పు.

2. ఊగే గుండు, జీ విలువ

దీనికి మించిన చవక ప్రయోగం లేదు, ఇంత కచ్చితమైనదీ లేదు. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు, నూలు దారం చాలు. నైలాన్ వల దారం వద్దు, సాగుతుంది. దూలానికి మేకు కొట్టి దానికి దారం చుడితే ఊగేటప్పుడు చుట్టు విప్పుకుంటూ పొడవు మారుతుంది. రెండు చెక్క ముక్కల మధ్య దారాన్ని బిగించండి. ఫ్యాను ఆపండి.

పొడవు అంటే దారం పొడవు కాదు, బిగించిన చోటు నుంచి గుండు బరువు కేంద్రం దాకా. మేస్త్రీ గుండు కోసుగా ఉంటుంది కాబట్టి దాన్ని స్కేలు అంచు మీద అడ్డంగా ఆనించి, ఎక్కడ నిలబడుతుందో అక్కడ గుర్తు పెట్టుకోండి.

మీటరు దారానికి ఓ చేతి వెడల్పు, అంటే 10 సెం.మీ. మాత్రం పక్కకు లాగి వదలండి. 20 పూర్తి ఊపులకు కాలం తీయండి. అటు వెళ్లి ఇటు వస్తేనే ఒకటి. మీటరుకి 40.2 సెకన్లు, 75 సెం.మీ.కి 34.8, 50కి 28.4, 25కి 20.1 దగ్గర రావాలి. అయితే ఈ అంకెలు చూడకముందే, 25 సెం.మీ.కి ఎంత వస్తుందో ఎడమ పేజీలో రాసి ఉండాలి మీరు. చాలామంది పొడవు నాలుగో వంతు కాబట్టి కాలం కూడా నాలుగో వంతు అని రాస్తారు.

జీ కోసం: పొడవును (మీటర్లలో) 39.48తో గుణించి, ఒక ఊపు కాలం వర్గంతో భాగించండి. తప్పు ఎక్కడ జరిగిందో జవాబే చెప్పేస్తుంది. 10.8 వస్తే, వదలగానే "ఒకటి" అని లెక్క మొదలెట్టారు. నిజానికి 19 ఊపులే కొలిచి 20తో భాగించారు. వదిలినప్పుడు "సున్నా" అనాలి. 9.5 వచ్చిందా? దారం వరకే కొలిచి గుండును వదిలేసి ఉంటారు. 39 వచ్చిందంటే అటు పోవడం ఒకటి, ఇటు రావడం ఇంకొకటి అని లెక్కపెట్టారు. 30 డిగ్రీల దాకా లాగి ఊపితే కాలం దాదాపు 1.7 శాతం పెరుగుతుంది. అది కూడా కావాలని చేసి చూడండి.

డెల్టాలో అసలు జీ 9.78, పుస్తకంలో ఉండే 9.8 కాదు. 1672లో జాన్ రిషే ప్యారిస్ నుంచి భూమధ్యరేఖ దగ్గర్లోని కయెన్‌కి లోలకం గడియారం తీసుకుపోతే, అక్కడ జీ తక్కువ కాబట్టి అది రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడింది. భూమి పూర్తి గుండ్రం కాదన్న వాదానికి అది గట్టి ఆధారమైంది. అదే ప్యారిస్ గడియారం అమలాపురం తెస్తే రోజుకి సుమారు 110 సెకన్లు వెనకబడుతుంది. మీ ఇంటి లోలకంతో ఇంత చిన్న తేడా పట్టాలంటే పొడవును మిల్లీమీటరు దాకా కొలిచి, 200 ఊపులు లెక్కపెట్టాలి.

3. ఉప్పు నీళ్లు, కోడిగుడ్డు

ఇది డెల్టా రైతులకు కొత్త కాదు. విత్తనాల వడ్లను ఉప్పునీళ్లలో పోసి తాలు తేల్చే పద్ధతి ఉంది, ఉప్పు ఎంత వేయాలో గుడ్డు చెబుతుంది. లీటరు నీళ్లలో గుడ్డు వేసి, 10 గ్రాముల చొప్పున ఉప్పు కలుపుతూ పోండి. తాజా గుడ్డు 120 గ్రాముల దగ్గర్లో తేలుతుంది. పాత గుడ్డు ఇంకా ముందే లేస్తుంది, లోపల గాలి గది పెరిగి ఉంటుంది కాబట్టి. గుడ్డు తేలిన నీటిని సరిగ్గా 100 మి.లీ. కొలిచి తూచితే గుడ్డు సాంద్రత చేతికొచ్చినట్టే.

తర్వాత ఒక స్ట్రా అడుగున బంకమట్టి కూరి, మంచినీళ్లలో 15 సెం.మీ. మునిగేలా చూసి గుర్తు పెట్టండి. దాన్నే అంతర్వేది దగ్గర సముద్రం నీళ్లలో వేస్తే 3–4 మి.మీ. పైకి లేస్తుంది. స్ట్రాకి బుడగలు అంటుకుంటే ఈ తేడా మాయమైపోతుంది, వేలితో తట్టి రాల్చండి. రొయ్యల చెరువుల దగ్గర ఉప్పు శాతం చూసే రిఫ్రాక్టోమీటరు ఎవరైనా ఇస్తే రెండు అంకెలూ పోల్చుకోండి. అదేమో కాంతి వంగడాన్ని బట్టి, ఇదేమో తేలడాన్ని బట్టి. నీళ్లు మాత్రం ఒకటే.

4. పది మీటర్ల నీటి స్తంభం

గట్టు మీద పెట్టిన మోటారు డెల్టాలో నీళ్లు తోడేస్తుంది, అదే మోటారు మెట్టలో లోతు బావి మీద పెడితే పనిచేయదు, సబ్‌మెర్సిబుల్ దించాల్సిందే. ఎందుకు? మోటారు బలం చాలకా? ఎడమ పేజీలో మీ జవాబు రాసుకోండి.

పంపు నీటిని లాగదు. పైపులో గాలి తీసేస్తుంది, బయటి గాలి బరువు నీటిని పైకి నెడుతుంది. గాలి ఎంత బలంగా నెట్టగలదో అంతే ఎత్తు. 1640ల్లో టొరిచెల్లి దీన్ని పాదరసంతో 76 సెం.మీ. స్తంభంగా చూపించాడు. మీరు పాదరసం జోలికి పోవద్దు, దాని ఆవిరి విషం. నీళ్లతో చేయండి.

12 మీటర్ల పారదర్శక గొట్టం తీసుకోండి. లోపలి వెడల్పు 8–10 మి.మీ., గోడ మందంగా, నైలాన్ అల్లిక ఉన్నదైతే మేలు. మేస్త్రీలు మట్టం చూసుకునే పల్చటి గొట్టం పనికిరాదు. లోపల పీడనం తగ్గగానే బయటి గాలి దాన్ని అప్పడంలా నొక్కేస్తుంది. నీళ్లు మరగబెట్టి, మూత పెట్టి చల్లార్చండి. మరగకపోతే నీళ్లలో కరిగిన గాలి బుడగలై పైకి చేరి స్తంభాన్ని దించేస్తుంది. గొట్టం మొత్తం నింపి, ఒక చివర బిరడా దిగ్గొట్టి క్లాంపు బిగించండి. తెరిచిన చివర బకెట్ నీళ్లలోనే ఉండాలి. మూసిన చివరను తాడుకట్టి నాలుగంతస్తుల మేడ మీదికి మెల్లగా లాగండి. పైన ఇద్దరుండాలి, పిట్టగోడ మీదికి వంగకూడదు, కరెంటు తీగలు ఉన్న వైపు అసలు వద్దు.

పది మీటర్ల దగ్గర నీళ్లు ఆగిపోతాయి. ఇంకా లాగినా గొట్టం పైకి పోతుంది గానీ నీళ్లు పోవు. లెక్క ప్రకారం 10.4 మీటర్లు రావాలి. 30 డిగ్రీల నీటి ఆవిరి ఓ 40 సెం.మీ. తినేస్తుంది. తొమ్మిది దగ్గరే ఆగిపోతే బిరడా గాలి పీలుస్తోందన్నమాట. సబ్బు నురగ రాసి చూడండి. ఆచరణలో పంపులకు ఏడెనిమిది మీటర్లే గతి, పైపులో రాపిడి, కీళ్ల లీకులు మిగతాది మింగేస్తాయి.

అంత మేడ దొరక్కపోతే ఫోను చాలు. పీడనం సెన్సరు ఉన్న ఫోనులో ఫైఫాక్స్ (phyphox) యాప్ వేసి మెట్లెక్కండి. దాదాపు 9 మీటర్లకు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. 1648 సెప్టెంబరు 19న ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాస్కల్ బావగారు పెరియే, ఫ్రాన్స్‌లోని ప్యూ ద డోమ్ కొండెక్కి పాదరసం ఎనిమిది సెంటీమీటర్లకు పైగా దిగడం చూశాడు. మనకు ఎక్కడానికి కొండ లేదు గానీ తుఫాన్లున్నాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడు రోజుకి నాలుగుసార్లు రీడింగు రాసి పెట్టుకోండి. 50 హెక్టోపాస్కళ్లు పడితే మీ నీటి స్తంభం అర మీటరు దిగినట్టు.

5. సీసం గుండ్లు వేడెక్కడం

జూల్ 1840ల్లో బరువులు దించుతూ నీళ్లను చిలికి, పనీ వేడీ ఒకటేనని తేల్చాడు. నీళ్లతో ఇంట్లో కుదరదు. ఒక్క డిగ్రీ పెరగాలంటే నీళ్లు 427 మీటర్ల నుంచి పడాలి, ధవళేశ్వరం ఆనకట్ట దిగువన ఎంత నురగ లేచినా థర్మామీటరుకి ఏమీ తెలియదు. సీసమైతే తొందరగా వేడెక్కుతుంది. వలలకు కట్టే చిన్న సీసం గుండ్లు అర కిలో తీసుకోండి. మీటరు పొడవు పీవీసీ పైపులో పోసి రెండు వైపులా మూతలు బిగించండి. ఒక మూతకు చిన్న రంధ్రం చేసి, వైరు ఉన్న డిజిటల్ థర్మామీటరుతో ఉష్ణోగ్రత చూసి, రంధ్రం మూసేయండి.

పైపు నడుము పట్టుకుని తటాలున తలకిందులు చేయండి. మెల్లగా వంచితే గుండ్లు పడవు, జారతాయి. అలా 50 సార్లు. పడే ఎత్తు 90 సెం.మీ. అయితే లెక్కకు 3.4 డిగ్రీలు పెరగాలి. పైపూ మూతలూ కొంత తాగేస్తాయి కాబట్టి తక్కువే వస్తుంది. గుండ్లను ముందుగా గది కన్నా ఒకటిన్నర డిగ్రీ చల్లబరిచి మొదలెడితే మొదటి సగంలో లోపలికొచ్చిన వేడి, రెండో సగంలో బయటికిపోయే వేడికి సరిపోతుంది. గుండ్లు కిలో పోస్తే ఎంత పెరుగుతుందో ముందే రాసుకోండి. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసం విషం.

6. తీగచుట్ట, అయస్కాంతం

అర్‌స్టెడ్ 1820లో చూసింది అయిదు నిమిషాల పని. దిక్సూచి మీదుగా తీగను ఉత్తర దక్షిణాలుగా చాచి, ఒక టార్చి బ్యాటరీకి రెండు సెకన్లు తాకించండి. ముల్లు పక్కకు తిరుగుతుంది. తీగను తూర్పు పడమరలుగా పెడితే ఏమీ కాదు, చాలామంది "పనిచేయలేదు" అనేది అందుకే. రెండు సెకన్లకు మించితే తీగ కాలుతుంది.

అసలు కిటుకు ఫారడేది. కరెంటు అయస్కాంతాన్ని పుట్టిస్తే, అయస్కాంతం కరెంటును పుట్టించాలి కదా అని పదేళ్లు చాలామంది వెతికారు. తీగచుట్ట పక్కన అయస్కాంతం పెట్టి ఎదురుచూశారు. కొలాడాన్ 1825లో చుట్ట ఒక గదిలో, గాల్వనోమీటరు (కరెంటును పట్టే ముల్లు మీటరు) ఇంకో గదిలో పెట్టాడు. అయస్కాంతం చుట్టలో దూర్చి, నడిచి వెళ్లి చూసేసరికి ముల్లు సున్నా దగ్గర ఉంది. ఫారడే 1831 ఆగస్టు 29న పట్టుకున్నది ఇదే: మార్పు జరుగుతున్నంతసేపే కరెంటు.

వైండింగ్ షాపులో 28 గేజి ఎనామిల్ రాగి తీగ కొని, అంగుళం పైపు మీద 300 చుట్లు చుట్టండి. కొసలను ఉప్పుకాగితంతో రాగి రంగు తేలేదాకా గీకండి. పనిచేయని చుట్టల్లో ఎక్కువ వాటికి రోగం అక్కడే. డిజిటల్ మల్టీమీటరు నెమ్మదిగా చూస్తుంది, వచ్చిపోయిన వోల్టేజీని పట్టలేదు. ముల్లు ఉన్న పాత మీటరు మేలు. అయస్కాంతం దూర్చండి, ఆపండి, తీయండి. దూర్చినప్పుడు ఒక వైపు, తీసినప్పుడు రెండో వైపు, ఆపితే సున్నా. ఎల్‌ఈడీ వెలిగించాలని ఉంటే 300 చాలవు, 1500 పైనే చుట్టాలి.

7. వెంట్రుక మందం

యంగ్ 1803లో ఎండ ధారకు అడ్డంగా సన్నని కార్డు ముక్క పెట్టి, కాంతి అలలా నడుస్తుందని చూపాడు. కాబట్టి పుస్తకంలోని రెండు చీలికల బొమ్మ కన్నా మీ తల వెంట్రుకే ఆయన ప్రయోగానికి దగ్గర. ఎర్ర లేజరు పాయింటరు ముందు వెంట్రుక నిలువుగా అంటించి, 3 మీటర్ల దూరంలోని గోడ మీద పడనివ్వండి. అడ్డంగా చుక్కల వరస కనిపిస్తుంది. పక్కపక్క చీకట్ల మధ్య దూరం 2.8 సెం.మీ. వస్తే వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు): ఎర్ర లేజరు తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లను 3 మీటర్లతో గుణించి ఆ దూరంతో భాగించాలి. ఒకే జత కొలవొద్దు, ఆరు చీకట్లు దాటి కొలిచి భాగించండి. నడిమి మచ్చ మాత్రం రెండింతల వెడల్పు, దాన్ని కలిపితే లెక్క చెడుతుంది. తర్వాత కొబ్బరి పీచు పెట్టండి. అది లావు కాబట్టి చుక్కలు దగ్గర పడతాయా, దూరమవుతాయా? ముందు రాయండి. లేజరు ఎవరి కళ్లలోనూ పడకూడదు, అద్దాలూ స్టీలు గిన్నెలూ తీసేయండి.

8. చేట కింద ఏముంది?

పరమాణువు లోపలి సంగతి ఇంట్లో చూడలేం గానీ, రూథర్‌ఫర్డ్ పద్ధతిని చేయొచ్చు. ఆయన శిష్యులు గైగర్, మార్స్‌డెన్ 1909లో పల్చటి లోహపు రేకు మీదికి ఆల్ఫా కణాలు వదిలితే, దాదాపు ఎనిమిది వేలకు ఒకటి వెనక్కి తిరిగొచ్చింది. రూథర్‌ఫర్డ్ 1911లో దాన్నుంచే కేంద్రకం ఉందని తేల్చాడు.

నున్నటి గచ్చు మీద తెల్ల కాగితం పరిచి, నాలుగు మూలలా రెండేసి సెం.మీ. ఎత్తు దిమ్మల మీద చేటను బోర్లించండి. దాని కింద ఏదో ఒక చెక్క ముక్కను (త్రిభుజం, గుండ్రం, చతురస్రం, ఏదైనా) మీరు చూడకుండా ఇంకొకరు అంటించాలి. నాలుగు వైపుల నుంచీ గోళీలు దొర్లించి, లోపలికి వెళ్లిన దారి, బయటికొచ్చిన దారి పెన్సిలుతో గీయండి. ఒక్కో వైపు నుంచి 40 తక్కువ కాకుండా, వరసగా సెంటీమీటరు జరుపుకుంటూ. దిమ్మలు గోళీలకు అడ్డం పడితే ఆ గీతలు విడిగా గుర్తుపెట్టండి. గోళీలు నెమ్మదిగా వదిలితే గచ్చు వాటం వాటిని లాగేస్తుంది, దారి వంపు తిరిగి ఆకారం తప్పు వస్తుంది. చేట తీసేసి ఒకసారి ఖాళీగా దొర్లించి గచ్చు ఎటు వాలిందో ముందే తెలుసుకోండి. ఆకారం బొమ్మ గీసి, కొలతలు వేసి, తేదీ రాశాకే చేట ఎత్తాలి.